ఒక్క బెండు చొక్కా... మూడు వందల ప్రాణాలు
లైఫ్‌బోటు సరంగు హెన్రీ ఫ్రీమన్ జీవితం చెప్పే పాఠం

బేస్తవారిపేట: పశ్చిమ ప్రకాశంలో పుట్టి పెరిగిన వారికి సముద్రం దూరపు చుట్టం వంటిది. ఒంగోలు దాటి కొత్తపట్నం తీరానికి వెళితే తప్ప కెరటం కంటపడదు. అంతమాత్రాన లోతు నీటితో మనకు పొత్తు లేదని అనుకోలేం. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ మన పక్కనే ఉన్న కంభం చెరువును నింపి, తూర్పుగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. చెరువుల్లో, జలాశయాల్లో చేపల వేట సాగించే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. కార్తిక మాసం వచ్చిందంటే కృష్ణా తీరానికి, గోదావరి తీరానికి వెళ్లి పడవ ఎక్కేవారి సంఖ్య తక్కువేమీ కాదు.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణా నదిలో పవిత్ర సంగమం సమీపాన పర్యాటకుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా మృత్యువాత పడ్డారు. ఆ పడవ ఎక్కినవారిలో అధికులు ఒంగోలు నుంచి వెళ్లినవారే. వారి ఒంటిపై లైఫ్‌జాకెట్లు లేవు. ఆపై రెండేళ్లు తిరగకముందే, 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. లైఫ్‌జాకెట్ ఒంటిపై ఉన్నందున నీటిపై తేలి, సమీప గ్రామస్థుల నాటుపడవల సాయంతో ఒడ్డుకు చేరినవారు వారిలో ఉన్నారు.

ఈ రెండు ఘటనల్లోనూ నీట మునుగుతున్న వారి కోసం ముందుగా చేతులు చాచింది జాలరులు, తీర గ్రామాల ప్రజలే. ఎదుటివారిని కాపాడేందుకు చిన్న పడవలో ఉద్ధృతమైన నీటిలోకి దిగేవాడి ప్రాణానికి పూచీ ఏమిటి? ఈ ప్రశ్నకు ఒకటిన్నర శతాబ్దం క్రితమే తన జీవితంతో జవాబు చెప్పిన వ్యక్తి హెన్రీ ఫ్రీమన్. ఇంగ్లండ్‌లోని విట్బీ రేవుకు చెందిన ఈ సామాన్య జాలరి పేరు ప్రాణరక్షక పడవల చరిత్రలో ప్రముఖంగా నిలిచిపోయింది.

ఇటుకల పని నుంచి కడలి మీదికి

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో యార్క్‌షైర్ ప్రాంతం ఉంది. అక్కడి బ్రిడ్లింగ్టన్‌లో 1835లో ఫ్రీమన్ జన్మించారు. తొలినాళ్లలో ఆయన వృత్తి ఇటుకల తయారీ. ఆ పనికి గిరాకీ తగ్గడంతో బతుకుతెరువు వెతుక్కుంటూ విట్బీ చేరుకుని చేపల వేటను ఆశ్రయించారు. ప్రపంచాన్ని చుట్టివచ్చిన నావికుడు జేమ్స్ కుక్ యౌవనంలో ఓడ నడపడం నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. ఎస్క్ నది సముద్రంలో కలిసే చోట వెలసిన ఈ రేవుకు నౌకా నిర్మాణంలోనూ, చేపల వేటలోనూ పేరుండేది.

ఆ తీరాన్ని ఆనుకొని ఉన్నది ఉత్తర సముద్రం. చలికాలంలో అక్కడి ఈదురుగాలులు తెరచాప ఓడలకు మృత్యుసమానం. ఆవిరి ఓడలు విస్తృతం కాని ఆ రోజుల్లో బొగ్గు, కలప మోసే చిన్న ఓడలు ఒడ్డుకు దగ్గరగానే ప్రయాణించేవి. గాలి తూర్పు నుంచి వీచిందంటే వాటికి తప్పించుకునే దారి ఉండదు. ఇసుక తిన్నెలపైకో, బండరాళ్ల మీదికో కొట్టుకువచ్చి ముక్కలయ్యేవి. ఒడ్డున నిలబడినవారి కళ్లెదుటే నావికులు మునిగిపోయేవారు.

ఈ దారుణాలను చూసి చలించిన సర్ విలియం హిల్లరీ అనే పెద్దమనిషి కృషితో 1824లో లండన్ కేంద్రంగా ఓడ ప్రమాదాల నుంచి ప్రాణాలను కాపాడే జాతీయ సంస్థ ఏర్పడింది. రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్‌గా 1854లో పేరు మార్చుకున్న ఆ సంస్థ ప్రజల విరాళాలతో, స్వచ్ఛంద సేవకులతో నేటికీ నడుస్తుండటం విశేషం. తీరం పొడవునా చిన్న పడవలను సిద్ధంగా ఉంచడం, ఆపద వేళ స్థానిక జాలరులే తెడ్లు పట్టి వెళ్లడం ఆనాటి పద్ధతి. విట్బీలో మాత్రం అప్పట్లో స్థానికులే సొంతంగా లైఫ్‌బోటును నిర్వహించుకునేవారు.

ఒకే రోజు ఆరు ప్రయాణాలు

1861 ఫిబ్రవరి 9వ తేదీ విట్బీ చరిత్రలో చీకటి రోజు. ఉత్తర సముద్రంపై పెనుతుపాను చెలరేగి ఇంగ్లండ్ తూర్పు తీరమంతటా ఓడలు ఛిద్రమయ్యాయి. ఉదయం నుంచి ఒకదాని వెంట ఒకటిగా ఓడలు విట్బీ తీరానికి కొట్టుకువచ్చాయి. లైఫ్‌బోటు సిబ్బంది ఐదుసార్లు కెరటాలకు ఎదురేగి, ఐదు ఓడల నావికులను క్షేమంగా ఒడ్డుకు చేర్చారు. 25 ఏళ్ల ఫ్రీమన్ లైఫ్‌బోటు ఎక్కడం అదే మొదటిసారి.

గంటల తరబడి తెడ్లు వేసిన చేతులు అప్పటికే అలసిపోయాయి. తడిసిన ఉన్ని దుస్తులు చలికి కొయ్యబారాయి. అంతలో మరో ఓడ ఆపదలో చిక్కింది. సిబ్బంది మరోమాట లేకుండా ఆరోసారి పడవను నీటిలోకి దించారు. రేవు గోడకు అనతి దూరంలోనే రెండు కెరటాలు ఎదురెదురుగా విరుచుకుపడటంతో పడవ తలకిందులైంది. గోడపై నిలిచిన జనం తాళ్లు విసిరారు. వాటిని అందుకునే శక్తి మునుగుతున్న వారికి లేకపోయింది. పడవలోని 13 మందిలో 12 మంది తమ ఊరివారి కళ్లెదుటే ప్రాణాలు విడిచారు. బతికి ఒడ్డుకు చేరిన ఒకే ఒక్కడు ఫ్రీమన్.

మరణించినవారు కడలిని పుట్టుకతో ఎరిగినవారు. వారిలో చాలామందికి అనుభవంలో ఫ్రీమన్ సాటిరాడు. ధైర్యంలో వారిని మించినవారు ఆ తీరంలోనే అరుదు. ప్రాణరక్షక పడవలో తొలి రోజు గడుపుతున్న మనిషి నిలవడానికీ, ఆరితేరినవారు పోవడానికీ కారణం ఒక్కటే. కొత్త తరహాలో రూపొందిన బెండు కవచం ఆనాడు ఒంటిపై ఉన్నది ఆయనకు మాత్రమే.

ఆ చొక్కాలో ఏముంది?

ఆ కవచాన్ని రూపొందించిన వ్యక్తి కెప్టెన్ జాన్ రాస్ వార్డ్. నౌకాదళ అధికారి అయిన వార్డ్ లైఫ్‌బోట్ సంస్థకు తనిఖీ అధికారిగా పనిచేస్తూ 1854లో దీనిని తయారు చేశారు. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో విరివిగా పెరిగే ఓక్ జాతి చెట్టు బెరడే ఇందులో ముడిసరుకు. సీసాల బిరడాలకు వాడే బెండు ఇదే. దాని నిండా కంటికి కనిపించని గాలి గదులు ఉంటాయి. నీరు వాటిలోకి చొరబడదు గనుక ఎంతసేపున్నా తేలుతూనే ఉంటుంది.

మన పల్లెల్లో పిల్లలకు ఈ సూత్రం కొత్త కాదు. మోటబావుల్లో ఈత నేర్చేటప్పుడు వీపునకు బెండ్లో, ఎండిన సొరబుర్రలో కట్టుకోవడం తరతరాల అలవాటు. తీరంలో జాలరులు తేలిక దుంగలను తాళ్లతో బిగించి కట్టే తెప్ప కూడా మునగనిది. తెప్ప తిరగబడినా దుంగలు తేలుతూనే ఉంటాయి.

వార్డ్ గొప్పతనం బెండును కనుగొనడంలో లేదు. తెడ్డు వేసే మనిషికి అనువుగా దానిని తీర్చిదిద్దడంలో ఉంది. అంతకుముందు వచ్చిన రక్షణ కవచాలు బిగుసుకుని, చేతులు ఆడనిచ్చేవి కావు. తెడ్డు వేయడానికి అడ్డు వచ్చే వస్తువును జాలరి ఇష్టపడడు. దీనిని గమనించిన వార్డ్ బెండును సన్నని పలకలుగా కోయించి, గుడ్డపై వరుసగా కుట్టించారు. దీంతో కవచం ఒంటి తీరుకు తగ్గట్టు వంగేది. రొమ్ముపై ఒక వరుస, నడుము కింద ఒక వరుస ఉండేలా రెండు భాగాలు చేసి, మధ్యలో తాడుతో బిగించే ఏర్పాటు చేశారు. అందువల్ల నీటిలో పడినప్పుడు కవచం పైకి జారి తలను కమ్మేయదు. బరువైన దుస్తులు, పొడవాటి బూట్లు ధరించిన మనిషిని తల, భుజాలు నీటిపైన ఉండేలా నిలపగలిగేంత తేలే శక్తి దానికి ఉండాలని, అవసరమైతే మరొకరిని ఆసరాగా పట్టుకునేందుకు కూడా అది సరిపోవాలని ఆయన నియమం పెట్టుకున్నారు. మొరటు వాడకానికి తట్టుకోవడం మరో నియమం.

విట్బీ దుర్ఘటన ఈ లెక్కలన్నింటికీ కఠోరమైన రుజువైంది. అప్పటి వరకు బెండు కవచాన్ని అదనపు బరువుగా చూసిన తీర గ్రామాల్లో ఆలోచన మారింది. పడవ నీటిలోకి కదలక ముందే కవచం కట్టుకోవడం క్రమంగా లైఫ్‌బోటు సిబ్బందికి కట్టుబాటైంది. బతికి బయటపడిన ఫ్రీమన్‌కు లైఫ్‌బోట్ సంస్థ వెండి పతకం ప్రకటించింది. విట్బీలో లైఫ్‌బోటు నిర్వహణ సైతం అనంతరం ఆ సంస్థ చేతికి వచ్చింది.

మంచులో ఆరు మైళ్లు

తోటి వారు పన్నెండుగురిని ఒక్క క్షణంలో పోగొట్టుకున్న మనిషి మళ్లీ ఆ పడవ ఎక్కకపోయినా తప్పుపట్టేవారు ఎవరూ ఉండరు. ఫ్రీమన్ మాత్రం లైఫ్‌బోటును విడిచిపెట్టలేదు. నాలుగు దశాబ్దాల పాటు ఆ సేవలో కొనసాగి, అందులో 22 ఏళ్లు సరంగుగా పడవ పగ్గాలు పట్టారు. 1880లో ఆయనకు రెండోసారి వెండి పతక గౌరవం దక్కింది.

ఆయన సరంగుగా ఉన్న కాలంలో 1881 జనవరి 19న జరిగిన ఘటన నేటికీ ఆ తీరంలో కథలుగా చెప్పుకుంటారు. విట్బీకి దక్షిణాన ఆరు మైళ్ల దూరంలో రాబిన్ హుడ్స్ బే అనే జాలరి గ్రామం ఉంది. విజిటర్ అనే ఓడ ఆ గ్రామ సమీపంలో మునిగిపోగా, ఆరుగురు నావికులు ఓడకు చెందిన చిన్న పడవలోకి చేరి చలిగాలిలో సాయం కోసం ఎదురుచూస్తున్నారు. వర్తమానం తంతి ద్వారా విట్బీకి అందింది. సముద్ర మార్గంలో వెళ్లడానికి తుపాను అడ్డుగా నిలిచింది. దీంతో లైఫ్‌బోటును బండిపైకి ఎక్కించి నేల మీదుగా తీసుకెళ్లాలని నిర్ణయించారు.

దారంతా నిలువెత్తు మంచు పేరుకుపోయి ఉంది. సుమారు 200 మంది పారలు పట్టి విట్బీ వైపు నుంచి, గ్రామం వైపు నుంచి మంచును తొలగిస్తూ దారి చేశారు. 18 గుర్రాలు పడవను లాగాయి. గ్రామంలోని నిట్టనిలువు వీధిలో పడవ అదుపు తప్పకుండా తాళ్లతో పట్టి దింపారు. ఇంత శ్రమించి నీటిలోకి దించితే తొలి ప్రయత్నంలోనే పెద్ద కెరటం ఆరు తెడ్లను విరగ్గొట్టింది.

ఇక్కడే ఫ్రీమన్ వివేకం బయటపడుతుంది. తెడ్లు లేని పడవతో మొండిగా ముందుకు సాగకుండా ఒడ్డుకు తిరిగివచ్చారు. కొత్త తెడ్లు తెప్పించి, అదనంగా మనుషులను ఎక్కించుకొని రెండోసారి బయలుదేరారు. ఈసారి పడవ గమ్యం చేరింది. ఆరుగురు నావికులూ సజీవంగా ఒడ్డుకు వచ్చారు. లైఫ్‌బోటు సిబ్బందిలో ఒక్కరూ ప్రాణం పోగొట్టుకోలేదు. 1861లో అలసిన చేతులతో ఆరోసారి బయలుదేరిన పడవ గతిని కళ్లారా చూసిన మనిషి, 20 ఏళ్ల తర్వాత అదనపు బలం తీసుకున్న తర్వాతే కెరటాలకు ఎదురు వెళ్లడం గమనార్హం.

కవచం ఒక్కటే చాలదు

లైఫ్‌జాకెట్ ఉంటే ఇక భయం లేదన్న ధీమా కూడా ప్రమాదకరమేనని అదే దేశ చరిత్ర చెబుతుంది. 1886 డిసెంబరు 9న ఇంగ్లండ్ పశ్చిమ తీరంలో మెక్సికో అనే ఓడను ఆదుకునేందుకు వెళ్లిన రెండు లైఫ్‌బోట్లు బోల్తాపడి 27 మంది సిబ్బంది చనిపోయారు. బ్రిటన్ లైఫ్‌బోటు చరిత్రలో అంతటి ప్రాణనష్టం మరెన్నడూ సంభవించలేదు. చలికి ఒళ్లు కొయ్యబారినా, పడవ కింద చిక్కుకుపోయినా కవచం ఒక్కటే మనిషిని కాపాడలేదు.

అందుకే పడవ నిర్మాణంపైనా పరిశోధన సాగింది. 1851లో నార్తంబర్లాండ్ డ్యూక్ మేలైన లైఫ్‌బోటు నమూనాకు బహుమతి ప్రకటించగా, జేమ్స్ బీచింగ్ అనే పడవల నిపుణుడి నమూనా ఎంపికైంది. తిరగబడినా తనంతట తానే తిరిగి నిలబడటం ఆ పడవ ప్రత్యేకత. ముందు, వెనుక కొనల్లో ఎత్తుగా గాలి గదులు అమర్చి, అడుగున బరువు పెట్టడం వల్ల తలకిందులైన పడవ ఆ స్థితిలో నిలవలేదు. బుడుంగున లేచి నిలబడుతుంది. లోపలికి చేరిన నీరు గొట్టాల గుండా బయటకు పోతుంది. ఇలా ఎగదన్నే పడవ, ఒంటిపై కవచం, తగినంత మంది మనుషులు, వెనక్కి తగ్గాల్సిన వేళ తగ్గే వివేకం గల సరంగు కలిస్తేనే సిబ్బందికి భద్రత. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవి బలహీనపడతాయి.

1899లో ఫ్రీమన్ సరంగు బాధ్యతల నుంచి వైదొలగారు. ఆయన పాలుపంచుకున్న సాహసాల్లో 300 మందికి పైగా ప్రాణాలు దక్కాయని చరిత్రకారులు లెక్కగట్టారు. 1904 డిసెంబరులో 69వ ఏట విట్బీలో కన్నుమూశారు. బెండు పలకల కవచం ధరించి, గడ్డంతో గంభీరంగా నిలబడి ఉన్న ఆయన ఛాయాచిత్రం నేటికీ లైఫ్‌బోటు చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది.

ఆయన మరణించిన ఆ ఏడాది ప్రాంతంలోనే లైఫ్‌బోట్ సంస్థ బెండుకు బదులుగా బూరుగు దూదిని నింపిన జాకెట్లను ప్రవేశపెట్టింది. మన ఇళ్లలో దిళ్లకు, పరుపులకు వాడే తెల్లబూరుగు దూది పీచుల్లో గాలి నిండి ఉంటుంది. పీచులపై సహజంగా ఉండే మైనం వంటి పూత నీటిని త్వరగా పీల్చుకోనివ్వదు. తేలికగా ఉండి, ఎక్కువ బరువును మోయగలగడం దీని సుగుణం. అటుపిమ్మట నురుగు పలకల జాకెట్లు, అవసరమైనప్పుడు గాలి నిండే జాకెట్లు వచ్చాయి. పదార్థం మారినా వార్డ్ పెట్టుకున్న నియమాలు మారలేదు. ఒంటికి ఒదగాలి, పైకి జారకూడదు, తలను నీటిపైన నిలపాలి.

మన నీళ్లకూ అదే నీతి

మన దేశంలో 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు స్పందన దళం సిబ్బంది గాలి నింపిన పడవల్లో వరదనీటిలోకి వెళ్లడం మనకు పరిచితమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ముంపునకు గురైనప్పుడు ఈ పడవలు వీధుల్లో తిరిగాయి. గజ ఈతగాళ్లయినా సరే ఆ సిబ్బంది లైఫ్‌జాకెట్ లేకుండా పడవ ఎక్కరు. ఈత వచ్చినవారికి అది అక్కర్లేదన్న మన పల్లెల నమ్మకాన్ని వారి అలవాటే ఖండిస్తోంది. బావిలో నేర్చిన ఈత నిలకడ నీటిలో పనికివస్తుంది. సుడులు తిరిగే వరదలో, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన వేళ, చలికి చేతులు బిగుసుకున్న వేళ ఆ విద్య అక్కరకు రాదు. విట్బీలో చనిపోయిన పన్నెండుగురికీ కడలి కొత్త కాదన్న సంగతి మరువరాదు.

చెరువులో వేటకు వెళ్లే జాలరి గానీ, వరద వేళ ఇరుగుపొరుగును ఒడ్డుకు చేర్చేందుకు తెప్ప కట్టే యువకుడు గానీ ముందుగా తన ఒంటికి కవచం కట్టుకోవాలి. యాత్రకు వెళ్లేవారు పడవ కదలక ముందే జాకెట్ అడిగి తీసుకుని, నడుము వద్ద పట్టీలు బిగించుకుని, ఒడ్డు చేరే వరకు విప్పకుండా ఉండాలి. ఉక్కగా ఉందనో, ఫొటోకు అందంగా ఉండదనో తీసి పక్కన పెట్టిన జాకెట్ ఆపద క్షణంలో చేతికి అందదు. ఇవ్వడానికి జాకెట్లు లేవన్న పడవను ఎక్కకపోవడమే మేలు.

1861లో విట్బీ సముద్రం ఫ్రీమన్‌ను కూడా మింగి ఉంటే ఆనాటి మృతుల సంఖ్య 12కు బదులు 13 అయ్యేది. చరిత్ర ఆ తేడాను గుర్తించేది కూడా కాదేమో. ఒక్క బెండు చొక్కా ఆ ఒక్కడిని నిలిపింది. ఆ ఒక్కడు మరో 38 ఏళ్ల పాటు తెడ్డు పట్టి, చుక్కాని పట్టి వందల మందిని ఒడ్డుకు చేర్చాడు. కాపాడేవాడు బతికి ఉంటేనే కాపాడగలడన్న సత్యానికి ఇంతకు మించిన తార్కాణం అక్కర్లేదు.